మీ సినిమా రఫ్ కట్ (సీన్లు వరసగా అతికించిన తొలి కూర్పు) చూసి "ల్యాగ్" అంటున్నారా? సమస్య - పరిష్కారం

సమస్య: అందరూ "సూపర్ బ్రో" అంటారు, అంతకుమించి నోరు విప్పరు.

కారణం: చూసింది మీ యూనిట్ వాళ్లే. లేదా ప్లే నొక్కే ముందు కథంతా మీరే చెప్పేశారు. ఈ రెండో పని చేయని టీమ్‌ని నేనింకా చూడలేదు.

పరిష్కారం: స్క్రిప్ట్ చదవని, షూటింగ్‌కి రాని ఐదారుగురిని పట్టుకోండి. ఎలా ఉందని అడక్కండి, చూసిన కథ చెప్పమనండి.

సమస్య: "14వ నిమిషం నుంచి ల్యాగ్." ఎంత కోసినా తగ్గదు.

కారణం: నేను దెబ్బతిన్నది ఇక్కడే. మాది 22 నిమిషాల షార్ట్ ఫిల్మ్. చూసిన ఆరుగురిలో నలుగురు ఇదే మాటన్నారు. మూడు నిమిషాలు కోసేశాం. ల్యాగ్ పోలేదు సరికదా, "ఆ అమ్మాయికి అంత కోపమెందుకు?" అని కొత్త ప్రశ్న మొదలైంది. వారం పాటు ఎడిటరూ నేనూ సీన్లు అటూ ఇటూ మార్చుకుంటూ కూర్చున్నాం. చివరికి మా పిన్ని, టిఫిన్ ఇవ్వడానికి వచ్చి కాసేపు నిలబడి చూసి, "ఆయన ఏమన్నాడ్రా? మిక్సీ గోలలో ఒక్క ముక్క వినపడి చావలేదు" అంది.

4వ నిమిషంలో ఆ అమ్మాయి తండ్రి వంటింట్లో "పొలం అమ్మేశాను" అంటాడు. కథంతా ఆ మాట మీదే ఉంది. డబ్బింగ్ ఇంకా కాలేదు కాబట్టి రఫ్ కట్‌లో ఉన్నది కెమెరా మైక్‌లో పడిన పైలట్ ట్రాక్, అంటే షూటింగ్‌లో గుర్తు కోసం రికార్డైన సౌండ్. మిక్సీ కూడా నేచురల్‌గా ఉంటుందని మేమే పెట్టించాం. రాసిన నాకూ వందసార్లు విన్న ఎడిటర్‌కీ డైలాగ్ కంఠతా వచ్చు, అందుకే మాకు శుభ్రంగా వినపడుతోంది.

చూసేవాళ్లు మాత్రం "వినపడలేదు" అనరు. తామే మిస్సయ్యామనుకుని ఊరుకుంటారు. పది నిమిషాల తర్వాత ఆ ముక్కతో పనిపడిన చోట తలాతోకా తెలియక విసుగొస్తుంది. దాన్నే ల్యాగ్ అంటారు.

పరిష్కారం: కోయడం ఆపండి. కథ తెలియని ఒకరికి బొమ్మ లేకుండా సౌండ్ ఒక్కటే వినిపించి, డైలాగులు రాయమనండి. రాయలేకపోయినవి ఫోన్‌లోనైనా మళ్లీ చెప్పించి వేయండి, కుదరకపోతే సబ్‌టైటిల్ పెట్టండి. తర్వాత కొత్తవాళ్లకి చూపించండి. పాతవాళ్లకి కథ తెలిసిపోయింది, వాళ్లు పనికిరారు. మేం కోసిన మూడు నిమిషాల్లో రెండు మళ్లీ కలిపాం, ల్యాగ్ అన్నవాళ్లు లేరు.

సమస్య: తలా ఒక సలహా ఇస్తున్నారు.

పరిష్కారం: సలహాలు వదిలేయండి, కథ అందక ఏ చోట ఆగారో చూడండి. స్క్రీన్ మీద టైమ్‌కోడ్ (ఎన్నో నిమిషం, ఎన్నో సెకను నడుస్తోందో చూపే అంకెలు) వేసి ఇస్తే వాళ్లే చెబుతారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో అయితే, వర్క్‌స్పేస్ మెనూలో దీనికోసం డేటా బర్న్-ఇన్ ఉంటుంది.

ల్యాప్‌టాప్‌లో వీడియో ఆగి ఆగి ఆడటం వల్ల ల్యాగ్ అనిపించడమూ ఉంటుంది. పైవన్నీ చూశాకే దాని జోలికి వెళ్లండి.