ముల్లు గుచ్చుకుంటే ఇంట్లోనే జాగ్రత్తగా ఎలా తీయాలి?

పొలం గట్టు మీద సర్కారు తుమ్మ ముల్లు, పాత తలుపు దగ్గర చెక్క పేడు, ఊడుస్తుంటే చీపురు ఈనె. ఏది గుచ్చుకున్నా ముందు అందరం చేసేది గోళ్లతో నొక్కి పిండటమే. చాలాసార్లు ముల్లు లోపల విరిగేది కూడా అప్పుడే. బయటికి కనిపించే కొన విరిగిందంటే నిమిషంలో అయ్యే పని ఆసుపత్రి దాకా వెళ్తుంది. అందుకే ముందు దాన్ని ముట్టుకోకుండా కావలసినవి దగ్గర పెట్టుకోండి.

కొన సన్నగా ఉండి రెండు అంచులూ గట్టిగా కలిసే ప్లక్కర్, కొత్త కుట్టుసూది, మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్, దూది, సబ్బు ఉంటే చాలు. చీరకో గాజుకో ఉన్న పిన్నీసు తీసి వాడొద్దు. దాని కొన మొద్దుగా ఉండి చర్మాన్ని చీరుస్తుంది, శుభ్రంగానూ ఉండదు.

మొదట మీ చేతులు, తర్వాత ముల్లు దిగిన చోటు సబ్బుతో కడిగి మెల్లగా అద్ది తుడవండి. రుద్దొద్దు. వేడినీళ్లలో గంటసేపు నానబెడితే మెత్తబడి వస్తుందంటారు కానీ, చెక్క, ముల్లు నీళ్లు పీల్చుకుని ఉబ్బుతాయి, తీసేటప్పుడు ముక్కలవుతాయి. ప్లక్కర్‌నీ సూదినీ స్పిరిట్ దూదితో బాగా తుడిచి ఆరనివ్వండి. మంట మీద కాల్చే అలవాటుంటే, చల్లారాక అంటిన మసిని స్పిరిట్‌తో తుడవాలి. స్పిరిట్ సీసా మాత్రం పొయ్యి దరిదాపుల్లో ఉండకూడదు.

ఇప్పుడు వెలుతురులో కూర్చుని బాగా చూడండి. ఫోన్ టార్చిని పక్కనుంచి ఏటవాలుగా వేయిస్తే చర్మం కింద నల్లటి గీత కనబడుతుంది. ఆ గీత ఎటు వాలి ఉందో అదే ముల్లు దిగిన దారి. దాన్ని వచ్చిన దారినే వెనక్కి లాగాలి. చర్మానికి వీలైనంత దగ్గరగా ప్లక్కర్‌తో పట్టుకుని, తిప్పకుండా, ఒకే వాలులో నిదానంగా లాగండి. అడ్డంగా లాగితే విరుగుతుంది. బయటికి వచ్చాక పారేయకుండా దాని మొన చూడండి. తుమ్మ ముల్లు మొన సూదిలా ఉండాలి. మొద్దుగా, తెగినట్టుంటే ముక్క లోపల ఉండిపోయిందన్నమాట.

కొన బయటికి లేకుండా పైచర్మం కిందే కనబడుతుంటే సూది పని. సూదిని నిలువుగా గుచ్చకుండా దాదాపు చర్మానికి ఆనించినట్టు పెట్టి, ముల్లు దిగిన రంధ్రం దగ్గర పైపొర మాత్రం కాస్త తెరవండి. ముల్లు చివరను సూదితో పైకి లేపి ప్లక్కర్‌తో అందుకోండి. మడమ మీద పైపొర మందంగా ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దగా నొప్పి ఉండదు, రక్తమూ రాదు. రక్తం వస్తోందంటే లోతుకు పోతున్నారని అర్థం, అక్కడితో ఆపేయండి. పది నిమిషాలు ప్రయత్నించినా రాకపోతే ఇక కెలకొద్దు. పిల్లలైతే ఒకరు ఒళ్లో కూర్చోబెట్టుకోవాలి. బట్టలో చుట్టిన ఐస్ కాసేపు పెడితే నొప్పి తెలియదు, ఏడుపూ టెన్షనూ తగ్గుతాయి.

నాగజెముడు నూగు ముళ్లది వేరే సంగతి. కనబడేవి ప్లక్కర్‌తో తీసి, మిగిలినవాటి మీద ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పలుచగా రాసి, గాజుగుడ్డ పరిచి, పూర్తిగా ఆరాక ఒక అంచు నుంచి ఒలచండి. నూగు జిగురుతో పాటు లేచి వస్తుంది.

జిల్లేడు పాలు పోస్తే ముల్లు తేలుతుందని ఊళ్లో పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు. దయచేసి పోయకండి. ఆ పాలు చర్మాన్ని పుండు చేస్తాయి. అదే చేత్తో కన్ను నలుపుకుంటే కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర దెబ్బతిని చూపు మసకబారుతుంది. సున్నం, బెల్లం కలిపి పెట్టడం కూడా అంతే, సున్నానికి చర్మం కాలుతుంది.

ముల్లు వచ్చేశాక కుళాయి ధార కింద మళ్లీ సబ్బుతో కడిగి, పోవిడోన్ అయోడిన్ రాసి బ్యాండేజీ వేయండి. కాఫీపొడి, పసుపు అద్దొద్దు. ధనుర్వాతం క్రిములు మట్టిలో, పేడలో ఉంటాయి. మట్టి అంటిన ముల్లు గుచ్చుకుని, చివరి టీటీ (ధనుర్వాతం టీకా) వేయించుకుని 5 ఏళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి. శుభ్రమైన చిన్న గాయమైతే 10 ఏళ్ల లెక్క. ఎప్పుడు వేయించుకున్నారో గుర్తులేకపోతే, ఇప్పుడు వేయించుకోవాలో లేదో పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) అడగండి. ఇప్పుడు చాలాచోట్ల టీటీ బదులు టీడీ (ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకూ కలిపిన టీకా) ఇస్తున్నారు, అదీ దీనికి పనికొస్తుంది.

కంటి దగ్గర, కీలు దగ్గర, గోరు కింద లోతుగా దిగినవి, గాజు పెంకులు ఇంట్లో తీయొద్దు. షుగర్ ఉన్నవాళ్లు కాలి ముల్లును అసలు తేలిగ్గా తీసుకోవద్దు. స్పర్శ తగ్గిన పాదంలో చీము పట్టేదాకా తెలియదు. ఎరుపు పాకడం, వేడి, వాపు, చీము, పైకి ఎర్రటి చార, జ్వరం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లండి. విరిగిన ముక్క ఉంటే కాగితంలో చుట్టి తీసుకెళ్లండి, ఏం గుచ్చుకుందో ముందే చెప్పండి. గాజు, ఇనుము ఎక్స్‌రేలో సాధారణంగా కనబడతాయి కానీ చెక్క, ముల్లు చాలాసార్లు కనబడవు. నొప్పి తగ్గకపోతే అల్ట్రాసౌండ్ తీయించాలా అని అడగండి.