ఆరోగ్యశ్రీ మీద ప్రైవేటు ఆసుపత్రికా? ముందు అడ్వాన్స్ కట్టకండి

మా మామయ్యకు గుండె నొప్పి వచ్చినప్పుడు చేసిన పొరపాటు ఇదే. కంగారులో కార్పొరేట్ ఆసుపత్రి క్యాష్ కౌంటర్‌లో డబ్బు కట్టేశాం, కార్డు సంగతి మర్నాడు గుర్తొచ్చింది, అప్పటికి "మీరు క్యాష్ పేషెంట్ అండీ" అనేశారు.

తెలంగాణలో ఆరోగ్యశ్రీ అంటే ఆపరేషన్ ప్రైవేటులో జరిగినా ప్యాకేజీ డబ్బు ప్రభుత్వం కట్టడం. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది, 2023 డిసెంబర్‌లో ఇక్కడ పరిమితి 10 లక్షలకు పెంచారు. కాబట్టి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే ఆరోగ్యశ్రీ రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడో అడగండి. రేషన్ కార్డు, ఆధార్ చేతిలో ఉండాలి. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే అనుమతి తీసుకునే వీలుంది, "అప్రూవల్ వచ్చేదాకా కట్టండి" అంటే ఆ మాట ఆరోగ్యమిత్ర ముందు అనమనండి.

బోర్డు మీద ఆరోగ్యశ్రీ అని ఉంటే సరిపోదు. ఆసుపత్రికి గుండెకు ఎంప్యానెల్‌మెంట్ (ఆ చికిత్సకు పథకంలో గుర్తింపు) ఉండి కిడ్నీకి లేకపోవచ్చు, అందుకే మీ జబ్బు పేరు చెప్పి మరీ అడగాలి. బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులూ ఉన్నాయి, పేపర్లో చూశారుగా. బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టడం మంచిది. ప్లాన్ చేసుకునే ఆపరేషన్ అయితే హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌ను కూడా చూడండి, అక్కడ ఆరోగ్యశ్రీలో లేని చికిత్సకు సీఎం సహాయ నిధి నుంచి ఎల్‌ఓసీ (ఖర్చు భరిస్తామని ప్రభుత్వం ముందే ఇచ్చే హామీ పత్రం) తెచ్చుకుంటారు, కాకపోతే అది చికిత్సకు ముందే తెచ్చుకోవాలి. ప్రైవేటులో ఇప్పటికే కట్టేసినవాళ్లు ఒరిజినల్ బిల్లులు పారేయకుండా ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా అదే నిధికి అప్లై చేసుకోవచ్చు, కట్టిందంతా మాత్రం రాదు.

చిన్న జబ్బులకు ఇంత తతంగం అక్కర్లేదు. బస్తీ దవాఖానాలోనో పీహెచ్‌సీలోనో డాక్టరు రాస్తే రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితం, ఆ రిపోర్టు పట్టుకుని మీకు నమ్మకమున్న ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లినా తప్పేం లేదు, మేం అలాగే చేస్తున్నాం. బీపీ, షుగర్ మాత్రలు జన ఔషధి మందుల షాపుల్లో చాలా చవక.

డిశ్చార్జ్ రోజు మందుల చీటీ చేతిలో పెట్టి బయట కొనుక్కోమంటే వెంటనే తల ఊపకండి, ప్యాకేజీలో 10 రోజుల మందులు కలిసే ఉంటాయి.