షాపు టాలీని కొత్త కంప్యూటర్‌లోకి మార్చడం ఎలా?

పాత సిస్టమ్ నెమ్మదించి కావచ్చు, 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసినందుకు కావచ్చు, ఈ మధ్య చాలా షాపుల్లో కంప్యూటర్ మార్చక తప్పడం లేదు. కొన్నాక అందరికీ ఒకటే టెన్షన్. లెక్కలు రాసుకునే సాఫ్ట్‌వేర్ టాలీలో ఉన్నవన్నీ ఇందులోకి ఎలా వస్తాయి?

నేను చిన్న షాపులకు లెక్కలు రాస్తాను. ఒక హార్డ్‌వేర్ షాపులో సర్వీస్‌కి వచ్చిన కుర్రాడు బ్యాకప్ తీశానని చెప్పి, పాత సిస్టమ్‌ని ఆ రోజే ఫార్మాట్ చేసేశాడు. అతను తీసింది ఆ ఏడాది డేటా మాత్రమే. అంతకు ముందు రెండేళ్ల లెక్కలు డీ డ్రైవ్‌లో వేరే ఫోల్డర్‌లో ఉండేవి. కాగితం బిల్లులు ముందేసుకుని వాటిని మళ్లీ ఎక్కించేసరికి నెలన్నర పట్టింది. అందుకే అన్నిటికంటే ముందు ఈ మాట చెబుతున్నాను: కొత్త సిస్టమ్‌లో లెక్కలు సరిపోయాయని మీరు స్వయంగా చూసుకునేదాకా పాతదాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి.

ఏ రోజు పెట్టుకోవాలి?

నెలనెలా రిటర్న్‌లు వేసేవాళ్లకు 11వ తేదీ జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల రిటర్న్), 20వ తేదీ జీఎస్టీఆర్-3బీ (పన్ను కట్టే రిటర్న్) గడువు. ఆ రోజుల్లో ఈ పని వద్దు. మార్చి నెలాఖరు, పండగ సీజన్ అసలే వద్దు. 20 దాటాక వచ్చే ఆదివారం మంచిది. శనివారం రాత్రి ఆఖరి బిల్లు కొట్టాక పాత సిస్టమ్‌లో ఇంక ఒక్క ఎంట్రీ కూడా వేయకండి. జీఎస్టీ బిల్లు నంబర్లు వరుసగా ఉండాలి. రెండు సిస్టమ్‌లలో రెండు వరుసలు మొదలైతే రిటర్న్ వేసేటప్పుడు తలనొప్పి.

పాత సిస్టమ్ ముందు కూర్చుని రాసుకోవాల్సినవి

టాలీప్రైమ్‌లో (టాలీ ఇప్పటి రూపం) ఎఫ్1 నొక్కి అబౌట్‌లోకి వెళ్తే రిలీజ్ (వెర్షన్) నంబరు, 9 అంకెల సీరియల్ నంబరు కనిపిస్తాయి. కంపెనీని ఎంచుకునే చోట డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో, కంపెనీ పేరు పక్కన దాని నంబరు ఎంతో (10000 లాగా) ఉంటాయి. ఆ నంబరుతోనే ఒక ఫోల్డర్ ఉంటుంది. మీ డేటా అంతా అందులోనే. ఏడాదికో కంపెనీగా విడగొట్టుకుని ఉంటే ఒక్కోదానికి ఒక్కో ఫోల్డర్. అన్నీ లెక్కపెట్టుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి కాబట్టి పాత ఏళ్లవి వదిలేయడానికి లేదు. కంపెనీకి టాలీవాల్ట్ (డేటాకు తాళం వేసే) పాస్‌వర్డ్ ఉంటే అది కూడా రాసుకోండి. అది మర్చిపోతే డేటా చేతిలో ఉన్నా తెరుచుకోదు.

ఇంకొక్కటి ఉంది, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. లైసెన్స్ ఏ మెయిల్ ఐడీ మీద ఉంది? కొన్న రోజు హడావుడిలో అమ్మినతని మెయిలో, అప్పటి అకౌంటెంట్ మెయిలో ఇచ్చి ఉంటారు. ఆ అకౌంటెంట్ మానేసి మూడేళ్లయి ఉంటుంది. కొత్త సిస్టమ్‌లో లైసెన్స్ తెరవడానికి కావాల్సిన కీ ఆ మెయిల్‌కే వెళ్తుంది. ఆదివారం రాత్రి ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ లేదు. కనీసం వారం ముందే ఆ మెయిల్ తెరిచి చూడండి. అది మీ చేతిలో లేకపోతే మీ టాలీ పార్టనర్ (టాలీ అమ్మి సర్వీస్ చేసే అధీకృత డీలర్) ద్వారానో, టాలీ కస్టమర్ సపోర్ట్‌కి చెప్పో యజమాని మెయిల్‌కి మార్పించుకోండి. ఇది మీ డబ్బుతో కొన్న లైసెన్స్, మీ పేరు మీదే ఉండాలి.

తర్వాత ట్రయల్ బ్యాలెన్స్, స్టాక్ సమ్మరీ, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు ప్రింట్ తీయండి. క్యాష్ నిల్వ, ఆఖరి బిల్లు నంబరు ఆ కాగితం మీదే రాయండి. రేపు వీటితోనే పోల్చి చూడాలి.

బ్యాకప్

ఆల్ట్, వై కలిపి నొక్కితే డేటా మెనూ వస్తుంది. అందులో బ్యాకప్ ఎంచుకుని, ప్రతి కంపెనీనీ పెన్‌డ్రైవ్‌లోకి తీయండి. తర్వాత టాలీ మూసేసి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి మామూలుగా కాపీ చేయండి. టాలీ తెరిచి ఉండగా కాపీ చేయకండి, ఫైళ్లు సగంలో దెబ్బతినొచ్చు. వీలైతే గూగుల్ డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టండి.

మీ బిల్లు ఫార్మాట్‌ని ఎవరైనా ప్రత్యేకంగా చేసిచ్చి ఉంటే దానికి టీడీఎల్ ఫైల్ (టాలీలో అదనపు మార్పులు చేసే చిన్న ప్రోగ్రామ్) ఉంటుంది. ఎఫ్1లో టీడీఎల్స్ అండ్ యాడ్-ఆన్స్ దగ్గర అది ఎక్కడుందో తెలుస్తుంది. కంపెనీ బ్యాకప్‌లో అది రాదు, విడిగా కాపీ చేసుకోవాలి. రేట్ల పట్టికలు ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో టైప్ చేసినవైతే ఆ ఫాంట్లు కూడా తీసుకెళ్లండి, లేకపోతే కొత్త సిస్టమ్‌లో తెలుగుకు బదులు ఏవో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి.

లైసెన్స్ వదిలి, మళ్లీ తీసుకోవడం

లైసెన్స్ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటుంది. టాలీ ఫోల్డర్ మొత్తం కాపీ చేసినా లైసెన్స్ వెంట రాదు. పాత సిస్టమ్‌లో నెట్ ఆన్‌లో ఉండగా ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్ దగ్గర సరెండర్ చేయాలి. బ్యాకప్, ప్రింట్లు అయ్యాకే చేయండి. సరెండర్ అయ్యాక పాత టాలీ ఎడ్యుకేషనల్ మోడ్‌లోకి (లైసెన్స్ లేకుండా నేర్చుకోవడానికి ఇచ్చే పరిమిత రూపం) వెళ్తుంది. పాత సిస్టమ్ అసలే ఆన్ కాకపోతే లైసెన్స్ రీసెట్ చేయించుకునే వీలుంది, పార్టనర్‌ని అడగండి.

ఇప్పుడు కొత్త సిస్టమ్‌లో టాలీ ఇన్‌స్టాల్ చేయండి. మీ టీఎస్ఎస్ (కొత్త రిలీజ్‌ల కోసం టాలీకి కట్టే) చందా నడుస్తుంటే కొత్త రిలీజ్ వేసుకోవచ్చు. గడువు అయిపోయి ఉంటే, రాసుకున్న పాత రిలీజే వేయండి. తర్వాత పాత లైసెన్స్‌ని రీయాక్టివేట్ చేసే ఆప్షన్ ఎంచుకుని మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్, మెయిల్‌కి వచ్చిన కీ ఇవ్వాలి. నెలలో 1, 2, ఆఖరి తేదీల్లో తప్ప ఎంట్రీ పడడం లేదంటే లైసెన్స్ ఎక్కలేదని, ఎడ్యుకేషనల్ మోడ్‌లోనే ఉన్నారని అర్థం.

డేటా తెచ్చుకుని సరిచూసుకోవడం

ఆల్ట్, వై నొక్కి రీస్టోర్‌తో పెన్‌డ్రైవ్ నుంచి కంపెనీలు తెచ్చుకోండి. అదే నంబరుతో అక్కడ ఇంకో కంపెనీ ఉంటే దాని మీద రాసేస్తుంది కాబట్టి ఖాళీ డేటా ఫోల్డర్‌లోకే తెచ్చుకోవాలి. టాలీప్రైమ్‌కి ముందున్న టాలీ ఈఆర్‌పీ 9 నుంచి వస్తున్నా, 3.0 కంటే పాత టాలీప్రైమ్ నుంచి వస్తున్నా కొత్త రిలీజ్ డేటాను మైగ్రేట్ చేయమంటుంది, అంటే కొత్త రూపంలోకి మార్చమంటుంది. ఒకసారి మైగ్రేట్ అయ్యాక ఆ డేటా పాత వెర్షన్‌లో తెరుచుకోదు. అందుకే హార్డ్‌డిస్క్‌లోని కాపీని అలాగే ఉంచండి.

ఇప్పుడు నిన్నటి ప్రింట్లు ముందు పెట్టుకుని ఒక్కో అంకె చూడండి. ట్రయల్ బ్యాలెన్స్ పైసాతో సహా కలవాలి. స్టాక్, బాకీలు, క్యాష్ కూడా అంతే. ఎక్కడైనా తేడా వస్తే సర్దుబాటు ఎంట్రీ వేయకండి. బ్యాకప్ ఆఖరి ఎంట్రీకి ముందు తీసింది అయ్యుండొచ్చు, మళ్లీ తీసి తెచ్చుకోండి. కొత్త బిల్లు తెరిస్తే నంబరు ఆఖరి బిల్లు తర్వాతదే రావాలి.

ప్రింటర్ డ్రైవర్ వేసి ఒక పాత బిల్లును మళ్లీ ప్రింట్ తీస్తే ఫార్మాట్ సరిగ్గా వచ్చిందో లేదో తెలుస్తుంది. డిజిటల్ సంతకంతో రిటర్న్‌లు వేసేవాళ్లు టోకెన్ (సంతకం ఉండే యూఎస్‌బీ) డ్రైవర్, జీఎస్టీ పోర్టల్‌లో సంతకం పెట్టడానికి కావాల్సిన ఎంసైనర్ కూడా ఆ రోజే వేసుకోండి. 20వ తేదీ సాయంత్రం వాటికోసం వెతుక్కోవద్దు.

పాత సిస్టమ్‌ని వచ్చే నెల 3బీ వేసేదాకా ఒక మూల ఉంచండి. ఆ తర్వాత అమ్మాలనుకుంటే బ్రౌజర్‌లో దాచిన బ్యాంకు, జీఎస్టీ పాస్‌వర్డ్‌లు తీసేయండి. హార్డ్‌డిస్క్ మాత్రం విప్పించి, దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టుకోండి.