ట్రామా థెరపీ ఎలా మొదలుపెట్టాలి? ప్రైవేటు కౌన్సెలర్ దగ్గరికి తొలిసారి వెళ్లేవాళ్ల కోసం

ట్రామా, అంటే మనసుని బాగా గాయపరిచిన అనుభవం, ఉండి కౌన్సెలర్ నంబరు సేవ్ చేసుకుని కూడా నెలల తరబడి ఫోన్ చేయనివాళ్లు చాలామంది ఉంటారు. ఎందుకని అడిగితే తరచుగా వినిపించే మాట, "వెళ్తే అదంతా మళ్లీ చెప్పాలి కదా." అందుకే అన్నిటికంటే ముందు ఇది చెప్పేస్తాను: మొదటిరోజు జరిగినదంతా చెప్పక్కర్లేదు. "పెద్ద యాక్సిడెంట్ అయింది", "చిన్నప్పుడు ఇంట్లో బాగా కొట్టేవారు" అని ఒక్క ముక్క చెప్తే చాలు. మిగతాది ఎప్పుడు చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో తేల్చుకునేది మీరే.

1. ఇవాళ మీరు క్షేమంగా ఉన్నారా?

హింసించే మనిషితో ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్నా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. ఇవాళే హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, లేదా నమ్మకమైన మనిషిని తోడు తీసుకుని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి. పాత జ్ఞాపకాల మీద పని చేయడం ఆ తర్వాతి సంగతి.

2. ఇప్పటి ఇబ్బందులు కాగితం మీద రాసుకోండి

జరిగిన సంఘటన జోలికి వెళ్లకండి. దానివల్ల ఈ నెలలో మీకేమవుతోందో నాలుగైదు వాక్యాలు రాయండి. రాత్రి రెండింటికి చెమటలు పట్టి మెలకువ రావడం, వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడడం, ఆ రోడ్డు తగలకుండా రోజూ చుట్టూ తిరిగి ఆఫీసుకెళ్లడం. వాడుతున్న మందులు, మద్యం అలవాటు ఉంటే అదీ రాయండి. చాలామంది కౌన్సెలర్లు ట్రామా తర్వాతి ఇబ్బందుల్ని కొలిచే పీసీఎల్-5 అనే 20 ప్రశ్నల పత్రం కూడా ఇస్తారు. ఒక్కో ఇబ్బందికి 0 నుంచి 4 వరకు మార్కు వేసుకుంటూ పోవాలి, మొత్తం 80. దాంతోనే జబ్బు నిర్ధారణ అయిపోదు. కానీ రెండు నెలల తర్వాత మళ్లీ నింపితే ఎంత మార్పు వచ్చిందో కళ్లకు కనిపిస్తుంది.

3. పద్ధతుల గురించి కొంచెం తెలుసుకోండి

ఓదార్పుగా వినడం మంచిదే, కానీ ట్రామాకి ప్రత్యేకంగా తయారుచేసిన చికిత్సలున్నాయి. కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ మామూలుగా 12 సెషన్లు. "తప్పంతా నాదే", "ఇక ఎవర్నీ నమ్మకూడదు" లాంటి ఆలోచనల్ని పట్టుకుని పరీక్షిస్తుంది. సంఘటనని పూసగుచ్చినట్టు చెప్పకుండానే చేయొచ్చు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌లో మాత్రం జ్ఞాపకాన్ని మళ్లీమళ్లీ పైకి చెప్తారు, భయంతో మానేసిన చోట్లకి మెల్లగా వెళ్లడం మొదలుపెడతారు. ఇది 8 నుంచి 15 సెషన్ల దాకా పడుతుంది. 1980ల చివర్లో అమెరికన్ సైకాలజిస్ట్ ఫ్రాన్సిన్ షాపిరో రూపొందించిన ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కౌన్సెలర్ వేలి కదలికని కళ్లతో అనుసరిస్తారు; వివరాలు పెద్దగా చెప్పాల్సిన పనిలేదు. ఎంత మాట్లాడగలరో చూసుకుని మీకు సరిపడేదేదో కౌన్సెలర్‌తో తేల్చుకోండి.

4. ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి

పది నిమిషాలు చాలు. లైసెన్స్ లేదా రిజిస్ట్రేషన్ ఉందా? ట్రామాకి ఏ పద్ధతిలో శిక్షణ తీసుకున్నారు? నాలాంటి వాళ్లతో ఇంతకుముందు పని చేశారా? ఫీజెంత, సెషన్ ఎంతసేపు, చివరి నిమిషంలో మానేస్తే డబ్బులు కట్టాలా? ఫీజు గురించి అడగడానికి మొహమాటపడకండి. మధ్యలో డబ్బుల్లేక ఆగిపోవడం మనసుకి ఇంకో దెబ్బ.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: "సెషన్ మధ్యలో నేను తట్టుకోలేకపోతే ఏం చేస్తారు?" తెలిసిన మనిషైతే వెంటనే ఏదో ఒకటి స్పష్టంగా చెప్తారు. ఆపేస్తామని, ఊపిరి మీద దృష్టి పెట్టిస్తామని, మీరు కుదుటపడ్డాకే పంపిస్తామని. "అలా ఏం కాదులెండి" అని దాటేస్తే ఇంకొకరిని వెతుక్కోండి. ఒక్క సెషన్‌తో నయం చేస్తానన్నా, మర్చిపోయిన జ్ఞాపకాల్ని బయటికి తీస్తానన్నా అటు వెళ్లకండి. లేని జ్ఞాపకాలు కూడా అలా పుట్టుకొచ్చే ప్రమాదముంది.

5. మొదటి సెషన్లు

గోప్యత గురించి ముందే అడగండి. మీ మాటలు బయటికి పోవు, కానీ ప్రాణాపాయం, పిల్లలపై హింస లాంటి విషయాల్లో చట్టం ప్రకారం చెప్పాల్సి రావచ్చు. ఆన్‌లైన్‌లో అయితే తలుపు వేసుకునే గది, ఇయర్‌ఫోన్లు చూసుకోండి.

మొదట్లో చాలావరకు నిలదొక్కుకోవడం నేర్పిస్తారు. ఇలా ఉంటుంది: గొంతు పూడుకుపోతోంది, గది ఎక్కడో దూరంగా ఉన్నట్టుంది. కౌన్సెలర్ గొంతు తగ్గించి, "పాదాలు నేలకి ఆనించండి. కుర్చీ చెయ్యి పట్టుకుని చూడండి, చల్లగా ఉందా? గదిలో కనిపిస్తున్నవి ఐదు చెప్పండి" అంటారు. గడియారం, కిటికీ, నీళ్ల సీసా... నాలుగోది చెప్పేసరికి ఊపిరి కిందికి దిగుతుంది. ఇది ఇంట్లో మామూలుగా ఉన్నప్పుడే రోజూ సాధన చేయండి, అప్పుడే అవసరానికి అందుతుంది.

"ఇవాళ ఇక్కడితో ఆపుదాం" అనే మాటని ముందే ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకోండి. నోరు పెగలకపోతే చెయ్యెత్తడమే గుర్తు అనుకోండి.

6. సెషన్ అయ్యాక

వెంటనే మీటింగులు పెట్టుకోకండి. ఆ రాత్రి పీడకలలు రావచ్చు, ఒకట్రెండు రోజులు చిరాగ్గా ఉండొచ్చు. మొదటి వారాల్లో ఇలా కొంత పెరిగి తగ్గడం సాధారణమే. చాలామంది సరిగ్గా ఇక్కడే మానేస్తారు, అదే నాకు బాధ. మానేసేముందు ఒక్కసారి కౌన్సెలర్‌కి చెప్పండి, వేగం తగ్గిస్తారు. వారాల తరబడి దిగజారుతూనే ఉంటే, లేదా చచ్చిపోవాలనిపిస్తే మాత్రం వచ్చే సెషన్ దాకా ఆగకుండా అదేరోజు చెప్పండి.

7. కుదరకపోతే

నాలుగైదు సెషన్లయ్యాక కూడా ఆ గదిలో భయంగానే ఉంటే, మీరు చెప్పింది తేలిగ్గా తీసుకుంటున్నారనిపిస్తే, కౌన్సెలర్‌ని మార్చుకోవచ్చు. వెళ్లేముందు ఇంతవరకు జరిగిన పని గురించి చిన్న సారాంశం రాసివ్వమని అడగండి. అది కొత్తవారి చేతిలో పెడితే, జరిగిందంతా మళ్లీ మొదట్నుంచీ చెప్పక్కర్లేదు.