ప్రభుత్వ క్లౌడ్‌లో క్లస్టర్‌కు షేర్డ్ స్టోరేజ్: దరఖాస్తు విధానం

రెండు మూడు వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లను) క్లస్టర్‌గా, అంటే కలిసి పనిచేసే జట్టుగా పెట్టి, అన్నిటికీ కలిపి ఒకే స్టోరేజ్ ఇవ్వండని శాఖలు పెట్టే దరఖాస్తులు తరచూ వివరణ కోరుతూ వెనక్కి వస్తాయి. అప్పుడే బయటి కన్సల్టెంట్లు వచ్చి "ఫైలు మేం కదిలిస్తాం" అంటారు. డబ్బులివ్వకండి. మీ సిస్టమ్ అడ్మిన్ నింపలేనిది ఆ ఫారంలో ఏమీ లేదు.

ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) నేషనల్ క్లౌడ్ అయినా, రాష్ట్ర డేటా సెంటర్ అయినా మొదటి మెట్లు దాదాపు ఒకటే: ప్రభుత్వ ఈమెయిల్, శాఖాధిపతి సంతకంతో కవరింగ్ లెటర్, నోడల్ ఆఫీసర్ వివరాలు. టెక్నికల్ కాంటాక్ట్ దగ్గర మాత్రం మీ ఆఫీసు మనిషి పేరు, ప్రభుత్వ ఈమెయిలే రాయండి. వెండర్ పేరు రాస్తే, ఆ కాంట్రాక్టు ముగిసిన రోజు తాళాలు ఆయన దగ్గరే ఉండిపోతాయి.

అసలు చిక్కు టెక్నికల్ అనెక్చర్‌లో ఉంది. అందులో "స్టోరేజ్: 2 టీబీ" అని రాసి వదిలేస్తే చాలదు. ఫైల్ స్టోరేజా (నెట్‌వర్క్‌లో పంచుకునే ఫోల్డర్ లాంటిది), బ్లాక్ స్టోరేజా (మెషీన్‌కు సొంత డిస్క్‌లా కనిపించేది) చెప్పాలి.

జనం అప్‌లోడ్ చేసే పత్రాలు, ఫొటోలు, పీడీఎఫ్‌లు దాచడానికైతే ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్) షేర్ అడగండి. ఎన్ని మెషీన్లు ఒకేసారి రాసినా ఫైల్ సిస్టమ్‌ను చూసుకునేది స్టోరేజ్ సర్వరే. డేటాబేస్ క్లస్టర్‌కు, విండోస్ ఫెయిలోవర్ క్లస్టర్‌కు (ఒక మెషీన్ ఆగితే మరొకటి పని అందుకునేదానికి) సాధారణంగా ఐస్కజీ (iSCSI, నెట్‌వర్క్ మీదుగా డిస్క్‌ను అందించే పద్ధతి) బ్లాక్ వాల్యూమ్ అడుగుతారు. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. ఒకే వాల్యూమ్‌ను రెండు మెషీన్లలో ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ లాంటి మామూలు ఫైల్ సిస్టమ్‌తో ఒకేసారి మౌంట్ చేస్తే (వాడకానికి జతచేస్తే) డేటా పాడవుతుంది. ఒకే పద్దు పుస్తకంలో ఇద్దరు గుమాస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు రాసినట్టే. మొదట ఏ ఎర్రరూ కనిపించకపోవచ్చు, అదే అసలు ప్రమాదం. రెండూ ఒకేసారి రాయాలంటే జీఎఫ్‌ఎస్2, ఓసీఎఫ్‌ఎస్2 లాంటి క్లస్టర్ ఫైల్ సిస్టమ్ ఉండాలి. లేదంటే ఒక సమయంలో ఒక్క నోడే (క్లస్టర్‌లోని ఒక్క మెషీనే) మౌంట్ చేసేలా క్లస్టర్ సాఫ్ట్‌వేర్, ఫెన్సింగ్ (స్పందించని నోడ్‌ను స్టోరేజ్ ముట్టకుండా వేరుచేయడం) ఉండాలి. విండోస్ క్లస్టర్ అయితే "స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్ అవసరం" అన్న ఒక్క వాక్యం చేర్చండి (వాల్యూమ్‌పై ఏ నోడ్‌కు హక్కుందో స్టోరేజే గుర్తుంచుకునే ఏర్పాటు ఇది). అది లేకపోతే వాల్యూమ్ చేతికొచ్చాక వాలిడేషన్ టెస్టు దగ్గర ఆగిపోతారు.

ఐస్కజీకి ప్రతి నోడ్ ఐక్యూఎన్ (స్టోరేజ్ ఆ మెషీన్‌ను గుర్తుపట్టే పేరు) విడివిడిగా రాయాలి. ఒకే టెంప్లేట్ నుంచి క్లోన్ చేసిన లినక్స్ మెషీన్లన్నిటికీ ఒకే ఐక్యూఎన్ ఉండిపోవడం మామూలే. దాన్నలాగే పంపితే స్టోరేజ్ రెండు మెషీన్లనూ ఒకటే అనుకుంటుంది, కనెక్షన్లు తెగిపడుతుంటాయి. పంపేముందు ప్రతి మెషీన్‌లో ఇనిషియేటర్‌నేమ్ ఫైలు తెరిచి పోల్చి చూడండి. ఒకేలా ఉంటే ఐస్కజీ-ఐనేమ్ కమాండ్‌తో కొత్తది పుట్టించి, ఆ ఫైల్లో మార్చి, సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఐదు నిమిషాల పని.

ఫైర్‌వాల్ ఫారంలో అన్ని నోడ్‌ల ఐపీలూ ఉండాలి. ఐస్కజీకి 3260, ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌కు 2049 పోర్టు. రెండో నోడ్ ఐపీ మరిచిపోతే అంతా బాగున్నట్టే ఉంటుంది, మొదటి నోడ్ పడిపోయిన రోజు బయటపడుతుంది. బ్యాకప్ విడిగా అడగండి. షేర్డ్ స్టోరేజ్‌లో పొరపాటున చెరిపేసిన ఫైలు అన్ని నోడ్‌లలోనూ పోతుంది.

అప్లికేషన్‌ను ఇంటర్నెట్‌లో తెరవడానికి సెక్యూరిటీ ఆడిట్ సర్టిఫికెట్ అడుగుతారు. గుర్తింపు ఉన్న ఆడిటర్ల జాబితా సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. "మా ద్వారానే రావాలి" అని కన్సల్టెంట్లు చెప్పే మాట నమ్మనక్కర్లేదు.

దరఖాస్తు వెనక్కి వచ్చిందంటే తిరస్కరించారని కాదు. అడిగిన గడి సరిచేసి, పాత రిక్వెస్ట్ నంబరు ఉదహరించి మళ్లీ పంపండి. స్టోరేజ్ చేతికొచ్చాక, యాక్సెప్టెన్స్ లెటర్‌పై సంతకం చేసే ముందు ఒక నోడ్‌ను ఆపేసి, రెండోది పని అందుకుంటుందో లేదో అక్కడే చూసుకోండి.