కూల్ రూఫ్ వేసినా ఇల్లు కాలిపోతోందా? ముందు ఇవి చూడండి

2023లో తెలంగాణ కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టే తెల్ల రంగు వేసిన కప్పు) విధానం వచ్చాక హైదరాబాద్‌లో డాబాలు బాగానే తెల్లబడుతున్నాయి. "వేయించాం, ఏం తేడా లేదు" అనేవాళ్లూ పెరిగారు. పెయింటర్‌తో గొడవకు దిగేముందు కాస్త డాబా ఎక్కండి.

గదిలో వేడి తగ్గలేదు

మధ్యాహ్నం రెండింటికి తెల్ల రంగు మీద అరచెయ్యి ఆనించండి. ఆనించగలిగితే కప్పు తన పని చేస్తున్నట్టే. వేడి పడమటి గోడ నుంచో, తెరలేని కిటికీ నుంచో వస్తోంది. చుర్రుమంటే కారణం దుమ్ము. కొత్తలో ఎండను 80 శాతం దాకా తిప్పికొట్టే రంగు కూడా ఏడాది మట్టి పట్టాక బాగా వెనకబడుతుంది. "రోజూ ఊడుస్తాం కదండీ" అంటారు. పొడి చీపురుకు ఆ మట్టి రాదు. ఫిబ్రవరి చివర్లో సబ్బునీళ్లు పోసి గట్టి బ్రష్‌తో రుద్దాలి. ఒక మూల కడిగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఈ ఒక్క పనీ ఎవరూ చెయ్యరు!

బుడగలు, పెచ్చులు

అందరూ పెయింటు నాసిరకం అనేస్తారు. ఒక పెచ్చు బ్లేడుతో లేపి వెనక్కి తిప్పండి. తెల్లటి పొడి అంటుకుని ఉంటే, పాత సున్నం గీకకుండా పైన పూసేశారన్నమాట. వైరు బ్రష్‌తో గీకి, కడిగి ఆరబెట్టి, ప్రైమర్ నుంచి మొదలుపెట్టాలి.

వెనక చెమ్మ తగిలితే అసలు దొంగ దొరికినట్టే. పాత ఇళ్ల శ్లాబు మీద చాలాచోట్ల ఇటుకముక్కలు, సున్నం కలిపి వేసిన మందపాటి పొర ఉంటుంది. పిట్టగోడ మొదట్లో ఉన్న సన్నటి చీలిక నుంచీ, పొంగే ట్యాంకు నుంచీ నీళ్లు అందులోకి దిగి నెలల తరబడి ఉండిపోతాయి. పైన మాత్రం అంతా పొడిగా కనిపిస్తుంది. మేస్త్రీ చేత్తో తడిమి "ఆరిపోయింది సార్" అని రెండు కోట్లు లాగించేస్తాడు. ఎండ ముదిరాక లోపలి తడి ఆవిరై పైకి తన్నితే రంగు అప్పడంలా పొంగుతుంది. బుడగలు పిట్టగోడ వెంబడో, ట్యాంకు చుట్టూనో వరసకట్టాయంటే అనుమానమే అక్కర్లేదు.

లోపల తడి ఉందో లేదో తేలాలంటే, రంగు లేని చోట రెండడుగుల ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగువైపులా గాలి దూరకుండా టేపు వెయ్యండి. సాయంత్రం నాలుగింటికి అంటించి మర్నాడు ఎనిమిదింటికి తీయండి. పిట్టగోడ పక్కన, ట్యాంకు దగ్గర, నడిమధ్యన మూడుచోట్లా చూడాలి. షీటు లోపల బొట్లు కట్టినా, కింద కాంక్రీటు నల్లబడినా డబ్బా మూత తియ్యొద్దు. ముందు ట్యాంకు బాల్‌వాల్వు మార్చండి, చీలిక తవ్వి ఫిల్లర్ నింపి పైన మెష్ పరచండి. బుడగలన్నీ గీకేసి ఎండనివ్వండి. షీటు మళ్లీ వేసి, పొడిగా వస్తేనే ప్రైమర్. కోట్లు పొద్దున్నే, మంచు తడి ఆరాక, శ్లాబు వేడెక్కేలోపు వేయించండి. బుడగ మీదే ఇంకో కోటు కొట్టిస్తే అదీ దాంతోపాటే ఊడుతుంది.

తూము దగ్గర నల్లటి పాచి

వాలు సరిగ్గా లేదు, నీళ్లు నిలుస్తున్నాయి. అది మేస్త్రీ పని, పెయింటు డబ్బాతో తీరదు.

మిగతావి

వెండిరంగు పెయింటు ఎండను తిప్పికొడుతుంది గానీ, పీల్చుకున్న వేడిని తెల్లదానిలా వదిలేయదు. గడువు దాటిన డబ్బా అరుదు, తేదీ ఓసారి చూసుకుంటే సరిపోతుంది.