ఓణీకి కొలతలు తీసే ముందు

ఒడిశాలోని బరంపురంలో ఇరవై ఏళ్ళుగా జాకెట్లు, లంగా ఓణీలు కుడుతున్నాను. పుట్టిల్లు ఇచ్ఛాపురం. పిల్ల సమర్తాడిందంటే సాయంత్రానికల్లా తల్లులు బట్ట పట్టుకొచ్చి "ఆదివారానికి కావాలమ్మా" అంటారు. మా అమ్మాయి వంతొచ్చాక నేను చేసిన పద్ధతి చెబుతాను, మీకూ పనికొస్తుందేమో.

బట్ట కొనడం చివరి పని. పిల్లకి పదేళ్ళు నిండగానే నెలసరి విషయం చెప్పేయండి. నాకెవరూ చెప్పలేదు. బళ్ళో మరక చూసుకుని ఎక్కడో కోసుకుందనుకున్నాను. ఇంటికొస్తే తాటాకు చాపేసి మూల కూర్చోబెట్టారు, పదకొండు రోజులు. ఆ మధ్యలో లెక్కల పరీక్ష పోయింది. అందుకే మా దానికి ముందుగానే ప్యాడ్ విప్పి, జిగురు కాగితం తీసి, పాత లోదుస్తుకి అంటించి చూపించాను. "ఇంతేనా?" అంది.

చెప్పాల్సిన లెక్కలు కొన్నున్నాయి. నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటల్లో మార్చాలి. వాడినది కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేయాలి, మరుగుదొడ్లో పడేస్తే పైపు పూడిపోతుంది. మొదటి ఒకట్రెండేళ్ళు నెలసరి 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడైనా రావచ్చు. క్యాలెండర్లో చుక్క పెట్టుకోమనండి. వారం దాటినా ఆగకపోతే, గంటకో ప్యాడ్ తడిసిపోతుంటే, మూడు నెలలు రాకపోతే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళండి. ఒడిశాలో సర్కారు బడి పిల్లలకి, ఆరు నుంచి పన్నెండు తరగతుల దాకా, ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడానికి 2018లో 'ఖుషీ' పథకం పెట్టారు. టీచరమ్మని అడగమనండి.

సమర్తాడిన పిల్లకి పెట్టే చిమ్మిలికి పావుకిలో నువ్వులు దోరగా వేయించి, కాస్త తక్కువ తూకం బెల్లంతో దంచండి. రోజుకి రెండుండలు చాలు. "ఇంకోటి, ఇంకోటి" అనే అత్తలకి ఓ దండం పెట్టండి.

మా దానికి సరిగ్గా రజొ పండగ రోజుల్లో అయింది. జూన్ నడుమ మూడు రోజులు భూమాత బహిష్టులో ఉంటుందని ఒడియావాళ్ళు నాగలి ముట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు, నాలుగో రోజు భూమికి స్నానం. మా అత్తగారేమో చాప దులుపుతున్నారు. పక్కింటి మావుసి, అంటే ఒడియా పిన్నిగారు, పొడ పిఠా అనే కాల్చిన పిండివంట పట్టుకొచ్చి, "భూమికే పండగ చేస్తున్నాం, మీరు పిల్లని మూల పెడతారేంటి?" అంది. అత్తగారు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఆ చాపే వీధి అరుగు మీద పరుచుకుని, పిల్ల ఉయ్యాలూగుతుంటే చూస్తూ కూర్చున్నారు.

వేడుక ఎలాగన్నది పిల్లనే అడగండి. మా తమ్ముడు అప్పటికే వీధి మలుపులో కట్టడానికి ఫ్లెక్సీ డిజైన్ వేయించేశాడు. "మావయ్యా, మా క్లాసు అబ్బాయిలు ట్యూషన్‌కి ఆ మలుపు మీంచే వెళ్తారు" అంది. వాడి మొహం చిన్నబోయింది, కానీ ఫ్లెక్సీ ఆపేశాడు. సారె మాత్రం తెచ్చాడు. ఇంట్లోనే పదిహేనుమంది పేరంటాళ్ళతో హారతిచ్చాం. భోజనాల సంగతి మీ ఓపిక.

ఇక కుట్టుపని. బరంపురం పట్టు గుడి అంచుతో చూడముచ్చటగా ఉంటుంది గానీ, ఈ ఉక్కలో పదమూడేళ్ళ పిల్ల మోయలేదు. మేము నూలు తీసుకున్నాం. ఓణీకి రెండున్నర మీటర్లు. సమర్తాడాక కూడా పిల్ల రెండు మూడంగుళాలు పొడుగు సాగుతుంది కాబట్టి లంగా అడుగున మూడంగుళాలు లోపలికి మడిచి పెద్ద కుట్టు వేయించండి, వచ్చే ఏడు విప్పుకోవచ్చు. జాకెట్టు పక్కకుట్ల దగ్గర అటూ ఇటూ అంగుళమున్నర వదలమనండి. "బిగుతుగా ఉంటేనే ఫొటోలో బాగుంటుంది" అనే దర్జీ మాట వినకండి. ఊపిరాడక పిల్ల ఫొటోల నిండా ముఖం ముడుచుకునే ఉంటుంది.

కొలత తీస్తుంటే మా అమ్మాయి, "అమ్మా, లంగాకి జేబు పెట్టవా? ప్యాడ్ పెట్టుకుంటాను" అంది. ఇన్నేళ్ళలో నాకు తోచలేదు. కుడిపక్క కుట్టులో, కుచ్చిళ్ళ చాటున పెట్టాను. జానెడు గుడ్డ చాలు. ఇప్పుడు ఎవరి పిల్లకి కుట్టినా అడక్కుండానే పెడుతున్నాను, దానికి వేరే డబ్బులు తీసుకోను.